సవరల బడిపంతులు గిడుగు రామమూర్తి

ఏటా ఆగస్టు 29వ తేదీన మన పాఠశాలలలో తెలుగు భాషాదినోత్సవం జరుగుతుంది. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పటానికి పూలదండ వేస్తాము. వాడుకభాష కొరకు వారు చేసిన పోరాటాన్ని నాలుగు మాటలలో చెప్పి, పిల్లలచేత పద్యాలు చదివించి సభ ముగిస్తాము. అందులో తప్పేమీ లేదు. కాని పంతులుగారి జీవితంలో సగమే ఆ సభలలో వినబడుతుంది. తక్కిన సగం తెలుగుకు సంబంధించినది కాదు, తెలుగు రాని పిల్లలకు సంబంధించినది. తెలుగును గురించి వారు తరువాత వాదించిన దానికి మూలం ఆ పిల్లల దగ్గరనే ఉన్నదని నా నమ్మకం. కనుక ఈ వ్యాసంలో ఆ మరుగుపడిన సగానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి చేరువనున్న పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి, తల్లి వెంకాయమ్మగారు. పిల్లవానికి వీధిబడి చదువు ఇంకా పూర్తికాకమునుపే తండ్రిగారికి చోడవరం బదిలీ అయింది. అనకాపల్లి ప్రాంతపు పాఠకులకు చోడవరాన్ని పరిచయం చేయనక్కరలేదు. బెల్లానికి పేరుపడిన నేల అది. మాడుగుల దాటితే ఇక మన్యపు కొండలే. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరు అందులో చేరింది. కొండల అంచునున్న ఊళ్ళలో ఆనాడు జ్వరాలు జాస్తి. వీర్రాజుగారు 1875లో విషజ్వరం తగిలి చోడవరంలోనే కన్నుమూశారు. రామమూర్తిగారికి అప్పటికి పన్నెండేళ్ళు. బంధువుల అండన విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి, 1879లో మెట్రిక్యులేషను గట్టెక్కారు. అక్కడ వారికి సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఒకే బడిలో చదివిన ఆ ఇద్దరు బాలురు ముప్పై ఏళ్ళ తరువాత తెలుగు వచనాన్ని ఒక మలుపు తిప్పుతారని అప్పుడెవరూ అనుకొని ఉండరు.

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారానికి చరిత్ర చెప్పే ఉద్యోగం దొరికింది. జీతం నెలకు ముప్పై రూపాయలు. మరుసటి ముప్పై ఏళ్ళు వారు ఆ ఊరు వదలలేదు. పగలు పాఠాలు చెబుతూ, రాత్రులు తాము చదువుకుంటూ, 1886లో ఎఫ్.ఏ., పదేళ్ళకు బి.ఏ. పరీక్షలు ప్రైవేటుగానే నెగ్గారు. శాసనాలు చదవడం కూడ స్వయంకృషితోనే నేర్చి, ముఖలింగం ఆలయశాసనాలను పరిశీలించారు. పాఠశాల కళాశాలగా పెరిగింది, వారూ కళాశాల తరగతులకు ఎదిగారు. ఇంతవరకు చూస్తే ఒక తెలివిగల ఉపాధ్యాయుని సామాన్య జీవితమే.

పర్లాకిమిడి కొండల పాదాన ఉన్న ఊరు. ఆ కొండలలో సవరలు ఉంటారు. నేటి శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలలోను, ఒరిస్సాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను వారి పల్లెలు పరచుకొని ఉన్నాయి. కొండవాలులను మెట్లు మెట్లుగా తీర్చి, నీరు నిలిపి వరి పండించే నేర్పు వారిది. సంతకు దిగివచ్చినప్పుడు మాత్రం ఆ నేర్పరులే మూగవారయ్యేవారు. వారి మాట బజారులో ఎవరికీ రాదు. బజారు మాట వారికి రాదు. సరుకు ధర, అప్పు లెక్క, కచేరీలో సాక్ష్యం, అన్నీ నడిమి దుబాసీ నోటిగుండానే నడవాలి. ఆ దుబాసీ ఏమి చెబితే అదే సవర చెప్పిన మాటగా చెల్లేది.

పట్నవాసులు ఈ దృశ్యాన్ని రోజూ చూచేవారే. చూచి, కొండవాడు అమాయకుడని జాలిపడేవారు. రామమూర్తిగారు దానిని మరొక విధంగా అర్థం చేసుకొన్నారు. లోపం సవరలో లేదు, అతని భాష రాని తనలో ఉన్నదని తలచారు. వారికి చదువు చెప్పాలనే కోరిక కలిగినప్పుడు ముందు వారివద్ద తాను చదువుకోవాలని నిశ్చయించారు. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారికి ఇది ఎంత కష్టమైన నిర్ణయమో వేరే చెప్పాలా? చెప్పడానికి అలవాటుపడిన నోటికి అడగడం అంత తేలికగా పట్టుబడదు.

1890ల నాటి మాట ఇది. సవరభాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నేర్పే పుస్తకం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక వ్యక్తిని పంతులుగారు తమ ఇంటనే ఉంచుకొని మాట మాట అడిగి వ్రాసుకొన్నారు. సవర బాలురను ఇంటికి తెచ్చుకొని, భోజనం పెట్టి, చదువు చెప్పారు. కులాచారాలు కట్టుదిట్టంగా ఉన్న ఆ రోజులలో ఒక బ్రాహ్మణ గృహస్థు ఇలా చేయడం చిన్న సంగతి కాదు. దానికి వెల ఇంటివారందరూ చెల్లించవలసి వచ్చేది. 1885లో పుట్టిన కుమారుడు సీతాపతిగారు ఆ మాటల మధ్యనే పెరిగి, తరువాత తానూ సవరభాషా పండితులయ్యారు. పిల్లలకు చిలకమ్మ పెళ్ళి వ్రాసి ఇచ్చిన సీతాపతిగారు వీరే.

సవర భాష తెలుగుకు గాని ఒరియాకు గాని బంధువు కాదు. సంథాలీ, ముండారీ మొదలైన భాషలున్న ముండా శాఖకు చెందినది. ఆ శాఖకు దూరపు చుట్టాలు తూర్పున వియత్నాం దాకా ఉన్నాయి. అందులో గొంతును క్షణకాలం బిగబట్టి వదిలే ధ్వనులు ఉన్నాయి. వాటికి మన వర్ణమాలలో గుర్తులు లేవు. అచ్చులలోనూ మనకు లేని తేడాలున్నాయి. అన్నిటికన్న వింతగొలిపేది క్రియ. క్రియకు కర్మగా ఉండే నామం కుదించుకొని ఆ క్రియలోనే ఇమిడిపోగలదు. మనం రెండు మూడు మాటలలో చెప్పేది సవర ఒక్క మాటలో చెప్పగలడు. ఇట్టి భాషను అనాగరికపు కూతగా భావించేవారికి పంతులుగారి వ్యాకరణం తగిన సమాధానం. ప్రపంచంలోని భాషాశాస్త్రజ్ఞులు ఈ లక్షణాన్ని గురించి వ్రాసేటప్పుడు నేటికీ ఆ గ్రంథం వైపు చూస్తారు.

లెక్కల ఉపాధ్యాయులకు ఇంకొక విశేషం చెప్పాలి. సవరలు పన్నెండు వరకు విడివిడి పేర్లతో లెక్కపెట్టి, పదమూడును పన్నెండున్నొకటి అంటారు. ఇరవైకి మళ్ళీ ఒక పేరు. ముప్పైమూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణదేశపు కులాలను, తెగలను గురించి 1909లో వెలువరించిన సంపుటాలలో సవరల భాగానికి పంతులుగారు ఎన్నో వివరాలు సమకూర్చి ఇచ్చారు. ఆ భాగంలో దీనికొక కథ ఉన్నది. పూర్వం కొందరు సవరలు పొలంలో ధాన్యం కొలుస్తుండగా, పన్నెండు కొలతలు పూర్తికాగానే పులి వచ్చి వారిపైబడి తినివేసిందట. మళ్ళీ పులి వస్తుందేమోనని అప్పటినుండి పన్నెండు దాటి కొత్త సంఖ్య పెట్టుకోలేదట. కథ సరదాగానే ఉన్నది. కాని ఆ లెక్క తెలియని ఉపాధ్యాయుడు సవర బాలునికి తెలుగు ఎక్కాలు వల్లెవేయించబోతే ఏమౌతుందో ఆలోచించండి. బాలుడు తడబడతాడు, పంతులు మొద్దు అంటాడు. ఆ బాలుడు ఇంటివద్ద ఒక పూర్తి సంఖ్యాపద్ధతిని నేర్చుకొనే బడికి వచ్చాడని ఆ పంతులుకు తట్టదు.

మాట పట్టుబడిన తరువాత పంతులుగారు బడులు పెట్టారు. ప్రభుత్వం ముందుకు వచ్చేవరకు కాచుకొని కూర్చోలేదు. సొంత డబ్బుతో పల్లెలలో పాఠశాలలు తెరిచి, అధ్యాపకుల జీతాలు తామే ఇచ్చుకొన్నారు. సవర వాచకాలు, కథలు, పాటలు, తెలుగు–సవర పదకోశం వరుసగా తయారుచేశారు. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వంవారు పారితోషికం ఇవ్వబోతే తీసుకోక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారని వారి జీవితకథలన్నిటిలోనూ ఉన్నది. 1913లో ప్రభుత్వం బిరుదునిచ్చింది. చాలకాలం తరువాత కైజర్-ఇ-హింద్ పతకమూ వచ్చింది. బిరుదులకన్న వారికి ఎక్కువ ఖరీదు పడినది మరొకటి ఉన్నది. కొండపల్లెలలో తిరిగి తిరిగి చలిజ్వరం పట్టుకొన్నది. దానికి అదేపనిగా వాడిన క్వినైను వలన చెవులు చెడ్డాయి. ధ్వనుల సూక్ష్మభేదాలను పట్టడమే జీవితకార్యంగా పెట్టుకొన్న మనిషి క్రమంగా చెవిటివాడయ్యాడు. తండ్రిని చోడవరంలో కొండగాలి జ్వరం తీసుకుపోయింది. కుమారునికి అట్టి జ్వరమే వినికిడి లేకుండా చేసింది. అయినా పని ఆగలేదు. సవర వ్యాకరణం ఇంగ్లీషులో 1931లో అచ్చయ్యేనాటికి ఆ కృషికి ముప్పై ఐదేళ్ళు నిండాయి.

ఇక తెలుగు మాట. 1906 ప్రాంతంలో యేట్సు అనే ఆంగ్లేయ అధికారి ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చారు. తెలుగు పిల్లలు నోటితో ఒక తెలుగూ, పుస్తకంలో మరొక తెలుగూ ఎందుకు నేర్చుకొంటున్నారని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాసయ్యంగారు, విజయనగరంలో అప్పారావుగారు, పర్లాకిమిడిలో రామమూర్తిగారు ఆ ప్రశ్నను అందుకొన్నారు. తక్కిన ముగ్గురికీ అది కొత్త ప్రశ్న కావచ్చు. పంతులుగారికి మాత్రం పాతదే. సవర బిడ్డకు తెలుగు వాచకం ఇవ్వడం ఎట్టిదో, వెళ్తాను అనే తెలుగు బిడ్డచేత వెళ్ళెదను అని వ్రాయించడమూ అట్టిదేనని వారు గ్రహించారు. దూరంలో తేడా ఉన్నది గాని జాతి ఒక్కటే. బిడ్డ ఇంటినుండి తెచ్చుకొన్న మాటను బడి గుమ్మంలో వదిలి రమ్మనడం రెండింటిలోనూ ఉన్నది.

ఆ వివాదం కథ అందరూ ఎరిగినదే కనుక క్లుప్తంగా ముగిస్తాను. జయంతి రామయ్య పంతులుగారు మొదలైన పండితులు ఎదురు నిలిచారు. వారిని దుష్టులుగా చిత్రించడం న్యాయం కాదు. ఆంధ్రసాహిత్య పరిషత్తును నిలబెట్టి ప్రాచీన గ్రంథాలను కాపాడిన మహాశయులు వారు. వారి భయం సాహిత్యం గురించి. రామమూర్తిగారి బెంగ పిల్లవాని గురించి. 1911లో ఉద్యోగం విరమించిన పంతులుగారు ఊరూరా తిరిగారు, ఇంగ్లీషులో వివరణపత్రం వ్రాశారు, 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. గ్రాంథికమే వ్రాస్తున్నామనుకొనే పండితుల పుస్తకాలనుండే దోషాలు ఏరి ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజం వెలువరించారు. ఆ భాషకు బడిపిల్లలు పడే పాట్లు పండితులు కూడ పడుతున్నారని దాని తాత్పర్యం.

పంతులుగారి కృషిని ఇంతగా మెచ్చుకొన్న తరువాత, అందులో మనకు కొరతగా తోచేదానిని కూడ చెప్పడం ధర్మం. వారి జీవితకథలలో సవర బాలుర ప్రస్తావన తరచుగా వస్తుంది. సవర బాలికల ప్రస్తావన అరుదు. ఆ కాలంలో తెలుగు పల్లెలలోనే ఆడపిల్లల చదువు అంతంతమాత్రం కనుక దీనికి వారినొక్కరినే తప్పుపట్టలేము. అయినా సవరల విషయంలో ఈ లోటు మరింత బాధపెడుతుంది. ఎందుకంటే ఆ తెగలో భాషాసంపదకు పెద్ద కావలివారు స్త్రీలు. సవరల అంత్యక్రియలలో మరణించినవారితో బంధువులు మాట్లాడతారు. ఆ మాటలకు నోరు అయ్యే కురాన్‌బోయి స్త్రీ. ఆవేశం పట్టినప్పుడు ఆమె పాడే గీతాలలో జంటపదాలు, ప్రాతమాటలు దొంతరలుగా వస్తాయి. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతాన్ని గురించి వెలువరించిన పెద్ద గ్రంథంలో ఈ స్త్రీల వృత్తాంతం విపులంగా ఉన్నది. అంతటి విద్య గల స్త్రీలున్న జాతిలో బడిపంతులు మాత్రం చాలకాలం పైనుండి వచ్చిన మగవాడే.

ఈ లోటు మనకొక్కరికే పరిమితం కాదు. ఆస్ట్రేలియాలోని ఆదివాసుల పిల్లలను మిషను బడులలో, సర్కారు బడులలో తల్లిభాష మాటలాడనీయకుండ చేసిన చరిత్ర ఉన్నది. ఎందరినో తల్లుల ఒడినుండే వేరుచేశారు. ఆ దేశపు ఉత్తరప్రాంతంలో 1973లో ఆదివాసి భాషలలో చదువు చెప్పే పద్ధతి ప్రారంభించినప్పుడు, దానిని బడిలో నిలబెట్టినవారిలో ఆదివాసి స్త్రీలు పలువురు. మొదట సహాయకులుగా తరగతిలో ఒక మూల కూర్చున్నవారు శిక్షణ పొంది ఉపాధ్యాయినులయ్యారు. ఊజెరూ నూనకల్ అనే కవయిత్రి (1920–1993) తమ దీవిలో ఒక విద్యాస్థానం నెలకొల్పి, అన్ని జాతుల బడిపిల్లలనూ అక్కడికి రప్పించి తమ వారి జీవనవిధానాన్ని చూపించేది. ఈ స్త్రీలు చేసినది రామమూర్తిగారు చేయలేనిది. పంతులుగారు బయటినుండి వెళ్ళి ఆ భాషను నేర్చారు. వీరు ఆ భాషలోనే పుట్టి బడిలోకి నడిచారు. పంతులుగారు తెరిచిన తలుపు గుండా ఎవరు లోపలికి రావలసి ఉండెనో వీరిని చూస్తే తెలుస్తుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ప్రాంతాన్ని అలా చేర్చడానికి వ్యతిరేకించి పోరాడిన పంతులుగారు, డెబ్బదిమూడవ ఏట ఇల్లువాకిలి విడిచి రాజమహేంద్రవరం చేరారు. యాభైయారేళ్ళు నివసించిన ఊరు అది. ఊరితోపాటు సవర కొండలూ దూరమయ్యాయి. అదే 1936లో ఆ కొండలపైన మంగై గొమాంగో అనే సవర తమ భాషకు స్వయంగా ఒక లిపిని రూపొందించాడు. సొరంగ్ సొంపెంగ్ అని దాని పేరు. ఇరవైనాలుగు అక్షరాలకు ఇరవైనాలుగు దేవతలు అధిదేవతలని వారి విశ్వాసం. పంతులుగారు తెలుగు అక్షరాలతో మొదలుపెట్టి, శాస్త్రగ్రంథాలకు రోమను అక్షరాలు వాడారు. రెండూ వద్దని ఆ సవర మూడవ దారి త్రొక్కాడు. ఒక జాతికి చదువు కావాలని ఇతరులు తలచడం వేరు. తన చదువు ఏ ఆకారంలో ఉండాలో ఆ జాతి తానే తేల్చుకోవడం వేరు.

1938లో మద్రాసు ప్రభుత్వంవారు సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించారు. ఆ ఏడే ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరిలో మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయాన పత్రికా సంపాదకులను కలిసి, వాడుకభాషను పత్రికలలో నిలపవలసిందిగా ఆ చెవిటి వృద్ధుడు చివరిసారిగా వేడుకొన్నారు. తరువాత వారం తిరిగినదో లేదో, జనవరి 22న ఆయన కన్నుమూశారు. సీతాపతిగారు 1969లో మరణించేవరకు సవరల పాటలను, కథలను గురించిన కృషి కొనసాగించారు.

సంపాదకులు క్రమంగా పంతులుగారి మాట విన్నారు. బడులు వినడానికి ఇంకా చాలకాలం పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన బాలలకు మొదటి తరగతినుండి తల్లిభాషలో చదువు చెప్పే ప్రయత్నం 2004లో ఎనిమిది భాషలలో ఆరంభమైంది. సవర, కోయ, కువి, కొండ, ఆదివాసి ఒరియా, గోండి, కొలామీ, బంజారా అవి. ఆయా భాషలు వచ్చిన స్థానిక యువతీయువకులను బోధనకు తీసుకొన్నారు. సవర పిల్లల కొరకు అప్పుడు తయారైన వాచకాలు తెలుగు లిపిలో ఉన్నాయి. దాదాపు తొంభై ఏళ్ళ ముందు పర్లాకిమిడిలో పంతులుగారు వ్రాసి ఇచ్చిన తొలి సవర వాచకాలకూ లిపి అదే.